ముందు మోసే సంచి

ఇన్నేండ్లు నా ప్రయాణాలకు సంచి అవసరం పడలే.
ఎక్స్‌రే కవరుండె.
మర్రిగూడ నుంచి నల్లగొండకు,
నల్లగొండ నుంచి నిమ్స్‌కు
చంకల పెట్టుకుంటే చాలు:
బొక్కల ఫోటోలు, ఆధార్ జిరాక్సు, రెండు రొట్టెలు.

ఈసారి దవాఖానకు గాదు.
అప్పట్ల పక్కమంచం మీదున్న కోటేశ్వరమ్మ
పోయిన నెల ఫోన్ల అన్నది:
"రోగం పని మీద కాదే,
ఊరికే ఒకసారి రా, తెనాలి."

అందుకని గడియారం సెంటర్ల
జహీరు దుకాణం మెట్లెక్కిన.
మూడు మెట్లు. లెక్కపెట్టుకుంటనే ఎక్కుత ఎప్పుడైనా.

ముందు చక్రాల పెట్టె దించిండు.
"వేలుతోని గుంజితే చాలక్కా,
కుక్కపిల్ల లెక్క ఎంబడొస్తది."
వస్తది, నీ టైల్సు మీద.
మా ఊరి కంకర మీద గూడ వస్తదేమో గని
నా మోచెయ్యి సాగదు తమ్మీ,
సగం దాకనే తెరుసుకుంటది
వానకు ఉబ్బిన తలుపు లెక్క.

తర్వాత వీపు సంచి.
మెత్తటి పట్టీలు, వానకు తొడుగు, నీళ్ల సీసకు జాలి.
ఒక చెయ్యి దూరింది.
రెండోది దూరాల్నంటే
నన్ను గోడకానిచ్చి, చంటిపిల్లకు అంగీ తొడిగినట్టు
తొడగాల్సొచ్చింది పాపం ఆ పిలగాడు.
అద్దంల చూసుకున్న:
వంగిన వీపు మీద ఇంకో వీపు.

"దొంగలు తియ్యరాదక్కా, నంబర్ తాళం."
నవ్వొచ్చింది.
ముప్పయ్యేండ్లాయె నా మెడ ఎనుకకు తిరగక.
ఎవరన్న పిలిస్తే మనిషిమొత్తం తిరగాలె, ఎడ్లబండి లెక్క.
నేను తిరిగేసరికి
దొంగ మిర్యాలగూడల దిగి చాయ్ తాగుతుంటడు.
ఇగ ఆ తాళమంటవా,
ఆవగింజలంత చక్రాలు, నాలుగు అంకెలు.
ఈ వేళ్లకు బియ్యంల రాళ్లేరుడే రాదు.

"అందరికి సూటయిందక్కా ఇది."
అందరంటే ఎవరో.
ఎవర్ని నిలబెట్టి కొలత తీసుకున్నరో ఫ్యాక్టరీల,
మా బోరు నీళ్లు తాగినోళ్లనైతే కాదు.

పై అరల, దుమ్ముల
ఎలుగుబంటి బొమ్మ సంచొకటి కనవడ్డది.
అది దించు.
"అది మూడో తరగతి పోరలదక్కా."
దించయ్యా.

పట్టీలు కురచ. నేనూ కురచే.
ముందటికి ఏసుకున్న, పొట్ట మీదికి.
నా మెడకు తెలిసిన దిక్కు ఒక్కటే, కిందికి.
జిప్పు సరిగ్గ అక్కడే ఉన్నది.
గడ్డం ఆనిస్తే కాపలా.

కానీ వట్టి సంచి ఎవరికైనా తేలికే.
బండి మీద బత్తాయిలమ్మే సోమక్కను అడిగిన:
నాలుగు కిలోలు ఇయ్యి, పది నిమిషాలు.
"కొంటవా, మోస్తవా?"
మోస్త.
గడియారం చుట్టు ఒక సుట్టు తిరిగొచ్చిన.
ఆటోలు హారన్లు కొట్టినయి,
పోలీసాయన ఈల నోట్ల పెట్టుకొని ఊదుడు మర్చిపోయిండు.
కుడిభుజం కాడ ఒక కుట్టు గీరింది.
ఆ మాట చెప్తే జహీరు
గుడ్డముక్క మడతపెట్టి, సూది తీసి, గల్లా ఎనుక కూసుండి కుట్టిండు.
లోపల పైసలకు ఒక అర గూడ, నేను అడగకముందే.
మూడొందల యాభై అన్నది రెండొందల ఎనభైకి తెగింది.
గుడ్డముక్కకు లెక్క కట్టలే.

బత్తాయిలు తిరిగిస్తుంటే
సోమక్క రెండు పండ్లు సంచిలనే ఉంచింది.
"పోయేకాడ ఎవరో ఉన్నరు గద."

ఇంటికొచ్చి చూస్తే మూత లోపల అచ్చుగొట్టిన చీటి:
పేరు. తరగతి. సెక్షను.
నేను చదివిన నాలుగు తరగతులు
యూరియా సంచిలనే పోయినయి, దానికి చీటి లేకుండె.
పెన్నును రెండు చేతుల నడుమ బిగవట్టి
పగిళ్ల అండాలు, అని రాసిన.

తరగతి కాడ జరసేపు ఆగిన.
తెనాలి, అని రాసిన.

సెక్షను సంగతి
అక్కడికి పోయినంక చూసుకుంట.